రొయ్యకో చట్టం, మన మంచినీళ్ళకో చట్టం

(గోదావరి డెల్టాలోని ఒక పేటలో జరిగిన సభలో మా కార్యకర్తల బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

సభ కరపత్రంలో 'పర్యావరణం – దేశ రాజకీయాలు' అని అచ్చేశారు. అది చూసి పొద్దున ఒక పెద్దమ్మ మమ్మల్ని అడిగింది, "ఏం బాబూ, మొక్కలు పంచుతారా?" అని. నవ్వులాటకే అడిగినా అందులో నిజం ఉంది. పర్యావరణం పేరుతో మనకి ఇన్నాళ్ళూ చూపించింది అదే. జూన్ 5న బళ్ళో ఒక మొక్క, మొక్క పక్కన నాయకుడు, నాయకుడి పక్కన ఫోటోగ్రాఫరు. మేం మొక్కలు తేలేదు. మన పేట చేతిపంపులో నీళ్ళు ఎందుకు ఉప్పెక్కాయి, ఆ ఉప్పుకీ ఢిల్లీలో ఉన్న పార్లమెంటుకీ ఏమిటి సంబంధం అన్నది మాట్లాడ్డానికి వచ్చాం. ఇంకో పని కూడా ఉంది. పల్లం వైపు మీకున్న అసైన్డు భూమిని రొయ్యల చెరువులకి కౌలుకివ్వమని బ్రోకర్లు తిరుగుతున్నారు. సంతకాలు పెడదామని కొందరు, వద్దని కొందరు, పేటలో రెండు మాటలున్నాయి. ఆ సంగతి మాట్లాడకుండా మైకు దిగం.

ముందు ఒక మాట. పర్యావరణం చదువుకున్నవాళ్ళ గొడవ, మనకి కూలి, భూమి, ఆత్మగౌరవం చాలు అనుకునేవాళ్ళు మనలోనే ఉన్నారు. కానీ మన ఉద్యమం మొదలైందే నీళ్ళ దగ్గర. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువులోకి దిగి దోసెడు నీళ్ళు తాగారు. ఆ చెరువులో పశువులు తాగొచ్చు, పక్షులు తాగొచ్చు, అస్పృశ్యుడు తాగకూడదు. మనవాళ్ళు తాగి వెళ్ళాక అగ్రకులాలవాళ్ళు పేడ, పంచితం కుండలతో పోసి చెరువుని శుద్ధి చేసుకున్నారు. మనిషి తాకితే మైల, పేడ కలిస్తే శుద్ధి! నీటి కాలుష్యం గురించి వాళ్ళ శాస్త్రం అది.

తర్వాత 1985. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగపల్లె తాగే చెరువులో గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఇదేం పనని అడిగారు మనవాళ్ళు. అడిగినందుకు కొట్టబోతే ఒక తల్లి బిందె ఎత్తింది. జూలై 17న ఊరు ఊరంతా మీదపడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాల చేరారు, దళిత మహాసభ పుట్టింది. కారంచేడుని కులహత్యాకాండ అంటాం, అది నిజమే. అయితే మొదటి మాట ఏమిటి? "మేం తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దు." దానికంటే పెద్ద పర్యావరణ నినాదం ఈ రాష్ట్రంలో ఎవరిచ్చారో చెప్పండి. ఇన్నేళ్ళ తర్వాత బకెట్టు పోయి ఎకరాల చెరువు వచ్చింది. అడిగేవాడి మీద కర్ర ఎత్తక్కర్లేదు. మీ నీళ్ళు ఉప్పెక్కితే మేమేం చేస్తాం, టిన్ను కొనుక్కోండి అంటే సరిపోతుంది.

ఇప్పుడు ఢిల్లీ సంగతికి వద్దాం.

1991లో దేశం దగ్గర డాలర్లు నిండుకున్నాయి. బంగారం విదేశానికి పంపి తాకట్టు పెట్టారు, రూపాయి విలువ తగ్గించారు. డాలర్లు తెచ్చే సరుకు ఏదైనా సరే ఎగుమతి చెయ్యండి అన్నారు. 1992లో ప్రపంచ బ్యాంకు రొయ్యలు, చేపల పెంపకానికి అప్పు మంజూరు చేసింది. సబ్సిడీలొచ్చాయి, కంపెనీలొచ్చాయి, తీరం పొడుగునా బుల్డోజర్లు దిగాయి. దానికి నీలి విప్లవం అని ముద్దుపేరు. తమాషా ఏమిటంటే, అదే 1991లో, ఫిబ్రవరి 19న, అదే ఢిల్లీ ప్రభుత్వం సముద్ర తీరాన్ని కాపాడతామని ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పోటు నీళ్ళ గీత నుంచి 500 మీటర్ల లోపల ఏది కట్టొచ్చో ఏది కట్టకూడదో రాసింది. కాపాడతామన్న చెయ్యీ, తవ్వమన్న చెయ్యీ ఒకరివే.

రొయ్యల చెరువు ఎలా నడుస్తుందో మీకు మేం చెప్పక్కర్లేదు, మీలో సగం మంది గట్ల మీద కాపలా కాసినవాళ్ళే. అయినా వరసగా చెప్పుకుంటే లెక్క తేలుతుంది. మాగాణిలో మట్టి తీసి గట్టేస్తారు. సముద్రపు పాయ నుంచో, మురుగు కాలువ నుంచో, బోరు వేసో ఉప్పునీళ్ళు పెడతారు. సీడు వదులుతారు, మేత వేస్తారు, మందులు కొడతారు, రాత్రీ పగలూ ఏరియేటర్లు తిప్పుతారు. పంట పట్టాక ఆ నీళ్ళన్నీ, అడుగున పేరుకున్న మేతా రెట్టా మందూ కలిసిన నల్ల మడ్డితో సహా, బోదెలోకి వదిలేస్తారు. ఆ బోదె ఎటుపోతుంది? పల్లానికి. పల్లంలో ఎవరుంటారు? ఊరు కట్టిన రోజునే ఎత్తు మీద ఎవరుండాలో పల్లంలో ఎవరుండాలో తేల్చారు కదా. నీళ్ళకి కులం లేదంటారు. నీళ్ళకి లేకపోవచ్చు, వాలుకి ఉంది. గట్టు కింద నుంచి ఊరే ఉప్పు పక్క చేనుకి వస్తుంది, పక్క చేను నుంచి మన దొడ్డి పంపులోకి వస్తుంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మాలపల్లెకీ మాదిగపల్లెకీ ఆ ఉప్పు తేడా చూపించలేదు. మన సంఘాలు చెయ్యలేని ఐక్యత అది చేసిపెట్టింది.

నీళ్ళ తర్వాత పని. వరి ఎకరానికి ఆకుమడి దగ్గర్నుంచి కుప్ప నూర్చేదాకా ఎంతమంది చేతులు పడేవి? నారు తీత, ఊడ్పు, రెండు కలుపులు, కోత, పనలు కట్టడం, మోత. ఊడ్పులొచ్చాయంటే ఆడవాళ్ళకి పొద్దు తెలిసేది కాదు. యంత్రాలొచ్చి కోత పని కొంత తగ్గించిన మాట నిజమే, అది వేరే గొడవ. చెరువు తవ్వాక ఏముంది? ఒక కాపలా మనిషి, మేత చల్లే ఒక మనిషి, పట్టుబడి రోజున వలలు లాగే గ్యాంగు. ఆడవాళ్ళకి గట్టు మీద పనే లేదు. రొయ్యల షెడ్లకి వ్యాన్లలో పోవాలి, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి తలలు ఒలవాలి, వేళ్ళు పాసిపోయి అన్నం కలుపుకోలేక చెంచాతో తినాలి.

ఇంకా ఒకటుంది. అది ఏ ప్రభుత్వం లెక్కలోనూ ఉండదు. కోత కోసిన చేలో పరిగె ఏరుకునేవాళ్ళం. గేదెకి గడ్డి, గట్టు మీద కూర, బోదెలో మట్టగిడసలు, కొర్రమీను, పీతలు. కూలి లేని రోజున కుండలోకి వచ్చినవి అవే. భూమి మనది కాకపోయినా చేను మనకి ఎంతోకొంత పెట్టేది. చెరువు గట్టెక్కితే దొంగ అంటారు, తీగకి కరెంటు పెడతారు. చెరువులు తవ్వినప్పుడు వరి ఎన్ని ఎకరాలు పోయిందో రెవెన్యూ వాళ్ళు రాసుకుంటారు. పరిగె ఎంత పోయిందో రాసుకునే రిజిస్టరు లేదు. డొంక పోయింది, పశువుల బయలు పోయింది, శ్మశానానికి పోయే పుంత గట్టులో కలిసిపోయింది.

దీని మీద కోర్టుకి ఎవరు వెళ్ళారో వినండి. తమిళనాడులో 1968 డిసెంబరు 25న కీళ్‌వెణ్మణిలో కూలి ఎక్కువ అడిగినందుకు 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి తగలబెట్టారు. ఆ తర్వాత ఆ తంజావూరు ప్రాంతంలో భూమిలేని దళితులకి భూమి ఇప్పించడానికి పనిచేసిన దంపతులు జగన్నాథన్, కృష్ణమ్మాళ్. కృష్ణమ్మాళ్ మన కులాల ఇంట పుట్టిన మనిషి. పోరాడి ఇప్పించిన భూముల పక్కనే రొయ్యల కంపెనీలు దిగి ఉప్పు చేస్తుంటే జగన్నాథన్ సుప్రీంకోర్టులో కేసు వేశారు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. తీరం నోటిఫికేషన్ పరిధిలో, సంప్రదాయ పద్ధతిలో సాగేవి తప్ప మిగతా రొయ్యల చెరువులన్నీ 1997 మార్చి 31 లోగా తీసెయ్యమంది కోర్టు. పులికాట్, చిల్కా సరస్సులకి 1000 మీటర్ల లోపల వద్దంది. సాగుభూమినీ, ఉప్పు మడులనీ, మడ అడవులనీ, ఊరి ఉమ్మడి భూమినీ చెరువులుగా మార్చొద్దంది. పాడుచేసినవాడే పరిహారం కట్టాలంది. మూతపడే చెరువుల్లో కూలీలకి ఆరేళ్ళ జీతం అదనంగా ఇవ్వమంది. మన రాష్ట్రంలో రొయ్యల మీద వచ్చిన ఆదాయం కంటే జరిగిన నష్టమే ఎక్కువని 'నీరి' అనే కేంద్ర పరిశోధనా సంస్థ వేసిన లెక్క కూడా ఆ కోర్టు ముందు ఉంది.

ఆరేళ్ళ జీతం ఎవరికైనా అందిందా? చెయ్యెత్తండి. చూశారుగా.

ఎందుకు అందలేదో చెబుతాం. ఇదే అసలు రాజకీయం. తీర్పు వచ్చిన వెంటనే పునఃపరిశీలన పిటిషన్లు పడ్డాయి, గడువు దాటింది, చెరువులు కదల్లేదు. అప్పుడు ఢిల్లీలో ఉన్నది యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం, ఆ ఫ్రంట్‌కి కన్వీనరు మన రాష్ట్ర ముఖ్యమంత్రి. 1997లోనే ఆక్వాకల్చర్ బిల్లు తెచ్చారు. రాజ్యసభ దాటింది కానీ లోక్‌సభలో ఆగింది. 2005లో కాంగ్రెస్ నడిపే ప్రభుత్వం దాన్ని కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టంగా తెచ్చింది. అందులో ఒక సెక్షను ఉంది. తీరం నోటిఫికేషన్‌లోని నిషేధం తీర ఆక్వాకల్చర్‌కి వర్తించదు, 1991 ఫిబ్రవరి 19 నుంచే వర్తించదు అని. చూడండి ఎంత తెలివో! పద్నాలుగేళ్ళు వెనక్కి పోయి నిషేధాన్ని పుట్టిన రోజునే చంపేశారు. 2023లో బీజేపీ ప్రభుత్వం ఆ 2005 చట్టాన్ని సవరించి, అందులో మిగిలి ఉన్న జైలు శిక్షని కూడా తీసేసి జరిమానాలు పెట్టింది. జెండాలు మూడు, రొయ్య ఒక్కటే. రిజర్వేషన్ల దగ్గర, భూసంస్కరణల దగ్గర ఏకాభిప్రాయం కుదరలేదంటారే, ఇక్కడ మాత్రం ఎంత చక్కగా కుదిరిందో!

ఎందుకు కుదరదు? 2023–24లో దేశం నుంచి 60 వేల కోట్ల రూపాయల పైన సముద్ర ఉత్పత్తులు ఎగుమతి అయ్యాయి. అందులో రొయ్యల వాటా 40 వేల కోట్లు. ఆ రొయ్యల్లో ఎక్కువ భాగం మన తీరానివే. 2019లో ఇక్కడి ప్రభుత్వం చెరువులకి యూనిట్ రూపాయిన్నరకే కరెంటు ఇచ్చింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే రొయ్య ధర పడిపోయింది. రోజుల్లోనే లేఖలు, సమీక్షలు, ఢిల్లీ ప్రయాణాలు. సన్నకారు కౌలుదారు కూడా ఆ దెబ్బకి నలిగాడు, అతని మీద మాకు కోపం లేదు. వైరస్ వచ్చిన ఏడు పెళ్ళాం మెడలో పుస్తెలు అమ్ముకున్నవాళ్ళు బీసీల్లోనూ ఉన్నారు, మనలోనూ ఉన్నారు. మేం అడిగేది ఒకటే. రొయ్యకి జ్వరం వస్తే రాజధానులు కదులుతాయి. పేటకి మంచినీళ్ళు లేవంటే పంచాయతీ ట్యాంకరు కూడా కదలదేం?

పర్యావరణాన్ని కాపాడేటప్పుడు కూడా దెబ్బ తగిలేది మనకే. కొల్లేరు చూడండి. 1970లలో మత్స్యకారులకీ దళితులకీ సొసైటీలు కట్టించి చేపల చెరువులు ఇచ్చారు. పేర్లు మనవి, కౌళ్ళు పెద్దవాళ్ళవి. వాళ్ళు సొసైటీలతో ఆగకుండా సరస్సంతా ఆక్రమించారు. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అని ప్రకటించారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో గట్లు పేల్చారు. పెద్దవాళ్ళకి ఊళ్ళో మేడలున్నాయి, వేరే వ్యాపారాలున్నాయి, 2008లో అభయారణ్యం హద్దు తగ్గించమని శాసనసభ చేత తీర్మానం చేయించుకునే బలం ఉంది. సొసైటీ కాగితం తప్ప ఏమీ లేనివాడికి ఆ కాగితమూ పోయింది. కాబట్టి ఎవరైనా వచ్చి పర్యావరణం కోసం అంటే ముందు అడగండి, ఎవరి పర్యావరణం, ఎవరి ఖర్చుతో అని.

తుందుర్రు మీకు దూరం కాదు. భీమవరం దగ్గర ఆక్వా ఫుడ్ పార్కు కడుతుంటే తుందుర్రు, జొన్నలగరువు, కె.బేతపూడి ఆడవాళ్ళు 2016లో రోడ్డెక్కారు. ఆ మురుగు గొంతేరు డ్రెయిన్‌లో కలిపితే మేం బతకం అన్నారు. 144 సెక్షన్ పెట్టారు, ఊళ్ళ నిండా పోలీసుల్ని దింపారు, కేసులు పెట్టారు. ఫ్యాక్టరీ ఆగలేదు. కానీ మురుగుని సముద్రందాకా పైపులో తీసుకుపోతామని ప్రభుత్వం చేత అనిపించారు. ఆమాత్రం అనిపించడానికి ఎన్ని నెలలు పట్టిందో ఆ తల్లుల్ని అడిగితే చెబుతారు.

ఇప్పుడు మన పల్లం భూమి. పొద్దున అరుగు మీద ఒక తమ్ముడు ముఖం మీదే అడిగాడు: "కౌలు డబ్బు వద్దంటున్నారు, మరి మీరిస్తారా?" న్యాయమైన ప్రశ్న. మేం ఇవ్వలేం. కాలువ శివారు భూమి, నీళ్ళు చివరికి గాని రావు, వరి వేస్తే పెట్టుబడి వస్తుందో రాదో. చెరువువాడు అంతకి రెండింతలు, మూడింతలు చూపిస్తున్నాడు. కూతురి పెళ్ళి ఉంది, ఆస్పత్రి బాకీ ఉంది. ఆశపడటం తప్పని మేం అనం. కానీ లెక్క పూర్తిగా వెయ్యండి. అతను ఇచ్చే కౌలు ఆ ఎకరం పట్టాదారుకి వస్తుంది. ఆ ఎకరం నుంచి ఊరే ఉప్పు పక్కవాడికి వస్తుంది. మొదటి ఏడు ఇద్దరు సంతకం పెడితే రెండో ఏడు మిగతావాళ్ళ చేలల్లో వరి పండదు. అప్పుడు వాళ్ళూ పెట్టక తప్పదు, అదీ అతను చెప్పిన రేటుకి. వైరస్ వస్తే కౌలు ఎగ్గొట్టి పోయినవాళ్ళు ఎంతమందో చుట్టుపక్కల ఊళ్ళలో చూశారు. చెరువువాడు పోతాడు, చౌడు ఉండిపోతుంది. అదీగాక 1977 అసైన్డు భూముల చట్టం ప్రకారం బదలాయింపు అంటే అమ్మకమే కాదు, కౌలు కూడా. గొడవొస్తే ముందు ప్రమాదంలో పడేది మీ పట్టా, అతని చెరువు కాదు. 2023లో 20 ఏళ్ళు దాటిన అసైన్డు భూములు అమ్ముకోవచ్చని ఆ చట్టాన్ని సవరించారు. దాని చుట్టూ నడిచిన గొడవలు వేరే సభకి పెట్టుకుందాం. మీ పట్టా ఏ తేదీదో, ఏ రకమో చూడకుండా ఎవరి మాటా నమ్మొద్దు, మా మాటతో సహా. అందుకే అంటున్నాం, ఎవరికి వారు బ్రోకరు ఇంటికి పోయి వేలిముద్ర వెయ్యొద్దు. ఆడా మగా కలిసి పేటలో కూర్చుని తేల్చండి. ఆడవాళ్ళు లేకుండా తేల్చొద్దు. బిందె మోసేది వాళ్ళు.

నీళ్ళు పాడైన చోట ఏం చెయ్యాలి? రొయ్యకి వాళ్ళు చట్టం చేసుకున్నారు సరే. మన నీళ్ళకి కూడా చట్టం ఉంది, అది ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. కారంచేడు లాంటి చోట్ల కారిన నెత్తురులోంచి 1989లో వచ్చిన అట్రాసిటీ చట్టం. అందులో తిట్టడం, కొట్టడం మాత్రమే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడుకునే బుగ్గని గానీ, చెరువుని గానీ, మరే నీటి వనరుని గానీ పాడుచేసి అక్కరకి రాకుండా చెయ్యడం కూడా నేరమే అని ఆ చట్టం 3వ సెక్షన్‌లో రాసి ఉంది. 2015 సవరణలోనూ ఆ మాట అలాగే ఉంచారు. మన భూమిలోకి అన్యాయంగా చొరబడటం కూడా అందులోనే ఉంది. 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ చట్టం కోరలు పీకబోతే ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేసి నిలబెట్టుకున్నాం. అంత కష్టపడి నిలబెట్టుకున్న దాన్ని నీళ్ళ కోసం వాడటం మనకి అలవాటు కాలేదు. కేసు తేలిగ్గా నిలబడుతుందని మేం చెప్పం. నీళ్ళు పాడుచేసింది ఫలానా చెరువే అని చూపించాలి, ఎప్పట్నించో చూపించాలి. అందుకు కాగితం కావాలి. 2005 చట్టం కింద చేసిన మార్గదర్శకాల్లో తాగునీటి వనరుకి కనీసం 100 మీటర్ల దూరం ఉండాలని కూడా ఉంది. మన పంపుకీ ఆ గట్టుకీ ఎంత దూరమో టేపు పెట్టి కొలిచినవాళ్ళు ఇప్పటిదాకా లేరు.

దేశ నీటి రాజకీయం మన చేతికి అందనిది అనుకోవద్దు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు దామోదర్ లోయ, మహానది పథకాలకి దారి వేసింది బాబాసాహెబే. దేశానికి నీళ్ళ కమిషన్ ఉండాలని 1945లో పెట్టించిందీ ఆయన హయాంలోనే. మహద్‌లో దోసిలి పట్టిన చెయ్యే అది.

సరే, పని మాట్లాడుకుందాం. వచ్చే ఆదివారం పొద్దున ఇక్కడే కలుద్దాం. పట్టా కాగితాలు, పాస్ పుస్తకాలు ఉన్నవాళ్ళు జిరాక్సులు తీసుకురండి, అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వొద్దు, మాకు కూడా. ప్రతి పంపు నుంచీ ఒక సీసా నీళ్ళు పట్టండి. సీసా అదే నీళ్ళతో మూడుసార్లు తొలిచి నిండా పట్టి మూత బిగించండి. సీసా మీద పంపు ఎవరి ఇంటి దగ్గరిదో, తేదీ, వేళ రాయండి. ఒక సీసా పరీక్షకి పోతుంది, ఒకటి పేటలోనే ఉంటుంది. టేపు మేం తెస్తాం. కొలిచేటప్పుడు ఇద్దరు పెద్దవాళ్ళు సాక్షులుగా ఉండాలి. చదువుకున్న పిల్లలు నలుగురు నోటు పుస్తకాలతో రండి. చెరువు నీళ్ళు బోదెలోకి వదిలిన ప్రతి రాత్రీ తేదీ, టైము రాయడం ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. గ్రామసభకి ఇచ్చే అర్జీ ముసాయిదా ఇక్కడ ఉంది, చదివి వినిపిస్తాం. తప్పులుంటే ఆడవాళ్ళు ముందు చెప్పండి.